ఇళ్లకు వెళ్లి చూసే నర్సు ఉద్యోగం: జీతం కంటే ముందు అడగాల్సింది

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాదే బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసింది. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. క్యాన్సర్ ముదిరినవాళ్లను, మంచాన పడ్డ పెద్దవాళ్లను ఇళ్లకు వెళ్లి చూసుకునే పని ఇస్తామని ఇక్కడి ట్రస్టు ఒకటి పిలిచింది. తనకి ఇష్టమే. ‘రోజూ చావులు చూసే ఉద్యోగమేంటి, కువైట్ పంపిద్దాం’ అని మా ఆవిడ గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయికి ఇష్టమైతే చేరనివ్వండి. కాకపోతే జీతం సంగతి మాట్లాడే ముందు ఒక్కటి అడగమనండి: మీ దగ్గర మార్ఫిన్ ఉందా?

క్యాన్సర్ ముదిరాక వచ్చే నొప్పి చాలామందిలో పారాసిటమాల్‌కి లొంగదు. అలాంటి నొప్పికి ఇచ్చే గట్టి మందు మార్ఫిన్. ఆ మాత్ర ఖరీదైనదేమీ కాదు, కానీ మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తుంది గనుక మామూలు మందుల షాపులో దొరకదు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దాన్ని ఉంచుకోవడం తేలికైంది. ఆ గుర్తింపు ట్రస్టుకైనా ఉండాలి, వాళ్లు కలిసి పనిచేసే ఆసుపత్రికైనా ఉండాలి. మందు రాయాల్సింది డాక్టరే కాబట్టి, రాత్రిపూట ఫోన్ చేస్తే ఎత్తే డాక్టరు ఎవరో కూడా తేల్చుకోమనండి. ఈ రెండూ లేకపోతే కొత్త పిల్ల, నొప్పితో మెలికలు తిరిగే మనిషి పక్కన ఊరికే నిలబడాల్సి వస్తుంది. నన్నడిగితే, నర్సులు ఈ పని వదిలేసేది చావులకు భయపడి కాదు, అలా నిలబడలేక.

మీ ఆవిడగారికి చెప్పండి, రోజువారీ పని చాలావరకు చావు దగ్గర కాదు, బతుకు దగ్గరే. పుండు కడిగి కట్టుకట్టడం, దుర్వాసన వస్తుంటే డాక్టరు చెప్పిన మీదట మెట్రోనిడజోల్ మాత్ర నూరి చల్లడం, మంచంలోని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం ఇంట్లోవాళ్లకి నేర్పడం. ఆయాసపడేవాళ్ల మొహానికి చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టినా కొంత తెరిపినిస్తుంది. మార్ఫిన్‌తో మలబద్ధకం వస్తుంది గనుక విరేచనం మందు కూడా మొదటిరోజు నుంచే ఇస్తున్నారో లేదో చూసుకోవాలి.

అసలు టెన్షన్ మాటల దగ్గరుంటుంది. ‘ఆయనకి క్యాన్సరని చెప్పకమ్మా’ అని గుమ్మంలోనే ఆపుతారు. లోపలికెళ్తే ఆయనే ‘నాకు తెలుసులే, మావాళ్లకి చెప్పకు’ అంటాడు. మన కోనసీమలో ఇంకో చిక్కు: ముసలమ్మ ఇక్కడ, కూతురు గల్ఫ్‌లో. వీడియో కాల్‌లో ‘సెలైన్ ఎందుకు పెట్టట్లేదు’ అని ఆ కూతురు నిలదీస్తుంది. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన పిల్ల దీనికి తనంతట తాను జవాబు చెప్పలేదు. అందుకే శిక్షణ కావాలి. ముదిరిన జబ్బులవాళ్లకి నొప్పి, బాధ తగ్గించే ఈ సేవనే పాలియేటివ్ కేర్ అంటారు. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ నర్సులకు సర్టిఫికెట్ కోర్సు నడుపుతుంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో, తిరువనంతపురంలోని పాలియం ఇండియాలో కూడా శిక్షణ ఉంది. ‘చేరాక నేర్చుకుందువులే’ అంటే ఒప్పుకోవద్దు. మొదటి నెలల్లో సీనియర్ నర్సు వెంటే పంపాలి.

వరదల సంగతీ అడగండి. జూలై, ఆగస్టుల్లో గోదారి పొంగితే లంకల్లోకి పడవ తప్ప దారుండదు. అక్కడున్న రోగులకు మందులు ముందే అందించే ఏర్పాటు లేకపోతే ఆ ట్రస్టు పని మీద నాకు అనుమానమే.

కువైట్ మాట కూడా కొట్టిపారేయను. గల్ఫ్ ఆసుపత్రులు ఎక్కువగా వార్డు అనుభవమే చూస్తాయి, ఇళ్లకు తిరిగిన కాలాన్ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు. విదేశం ఖాయమనుకుంటే రెండేళ్లు పెద్ద ఆసుపత్రిలో చేయడమే మేలు. ఇక్కడే ఉంటానంటే మాత్రం ఈ అనుభవం వృథా కాదు. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ కింద పల్లె ఆరోగ్య కేంద్రాలు అందించాల్సిన 12 రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణతో పాటు పాలియేటివ్ కేర్ కూడా ఉంది. మన ఊళ్ల విలేజ్ క్లినిక్‌లలో ఎంఎల్‌హెచ్‌పీలుగా (మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందిగా) బీఎస్సీ నర్సింగ్ వాళ్లనే తీసుకున్నారు.

రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అయ్యాకే చేరమనండి. నియామక పత్రంలో ‘వాలంటీర్’ అని కాకుండా ‘స్టాఫ్ నర్సు’ అని రాయించుకోవాలి. రేపు ఎక్కడికెళ్లినా అనుభవం కింద చూపించేది ఆ కాగితమే.