పుస్తెలతాడు అమ్మరు, కుదువ పెడతారు

మన దగ్గరున్న వస్తువులు మనమెవరో నిర్ణయిస్తాయా, నేటి వ్యాపారాన్ని సమాజపు ఒత్తిళ్లు ఎంతవరకు నడిపిస్తాయి అన్నవి తరచూ వినిపించే రెండు ప్రశ్నలు. ఈ రెండూ ఒకేచోట కనిపించే వస్తువు మన ఇళ్లలో ఒకటుంది, అది బంగారం. నేను కృష్ణా జిల్లాలో ఒక బ్యాంకు శాఖకు నగల విలువ కట్టే అప్రైజరుగా పనిచేస్తున్నాను. మా తాతగారూ నాన్నగారూ స్వర్ణకారులు. అందువల్ల నగ తయారయ్యే కుంపటినీ, ఆ నగ ఇంట్లో అవసరం వచ్చి తాకట్టుకు చేరే బల్లనూ రెండింటినీ దగ్గరగా చూసినవాణ్ని. నాకు అర్థమైనంతలో, మన ప్రాంతంలో బంగారం చుట్టూ అల్లుకున్న వ్యాపారంలో చాలా భాగం ఒక్క తేడా మీద నిలబడి ఉంది: జనం నగను కుదువ పెడతారు గాని అమ్మరు.

లెక్క తెలియక ఇలా చేస్తారని అనుకోవడం పొరపాటు. నగ అమ్మి మళ్లీ కొనాలంటే తరుగు, మజూరీ, మొత్తం ధర మీద 3 శాతం జీఎస్టీ భరించాలి కాబట్టి, నాలుగైదు నెలల అవసరానికి కుదువ పెట్టడమే లాభం. డెల్టాలో కాలువలకు నీళ్లు వదిలాక నాట్ల ఖర్చుకూ, పిల్లల ఫీజులకూ జూన్, జూలై నెలల్లో లోపలికి వచ్చిన నగలు, వడ్లు అమ్మాక సంక్రాంతి ముందు బయటికి వెళ్తాయి. అక్కడిదాకా అది చక్కని లెక్కే. అయితే ఏటేటా వడ్డీ మాత్రం కట్టి, అదే నగను అదే బ్యాంకులో తిరగరాయించుకుంటూ ఏళ్ల తరబడి నడిపే కుటుంబాలు కూడా ఉన్నాయి. కట్టిన వడ్డీ కూడితే ఎంతయిందో వారికి నేను చెప్పనక్కర్లేదు, వారికే తెలుసు. అయినా అమ్మేయండి అంటే ముఖం మారిపోతుంది. అమ్మితే నగతో పాటు ఇంకేదో పోతుందన్న భావన అది.

నా బల్ల మీద జరిగే పని వివరిస్తే ఆ సంగతి మరింత స్పష్టమవుతుంది. నగను నల్లని గీటురాయి మీద గీసి, పక్కనే నాణ్యత తెలిసిన సూదితో మరో గీత గీసి, యాసిడ్ చుక్క వేసి రెండింటి రంగూ పోల్చుతాము. తూకం వేశాక రాళ్లు, లక్క, నల్లపూసలు, దారం బరువు తీసేసి, నికర బరువు రాస్తాము. అక్కడితో ఆ కాసులపేరు నా కాగితం మీద ఇన్ని గ్రాముల 22 క్యారెట్ల బంగారం మాత్రమే. ఎదురుగా కూర్చున్న ఆవిడకు మాత్రం అది అమ్మ మెడలోంచి తన మెడలోకి వచ్చిన వస్తువు. పుస్తెలు కుదువ పెట్టవలసి వచ్చినవాళ్లు ఇంటి దగ్గరే పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని, ఆ తర్వాతే పుస్తెలు తీసి కొంగున ముడివేసుకుని వస్తారు. విడిపించుకునే రోజున బరువు సరిచూసుకునేవారి కంటే, లాకెట్టు వెనక ఉన్న చిన్న సొట్టను, ఎప్పుడో మార్పించిన కొక్కేన్ని వేలితో తడిమి చూసుకునేవారే ఎక్కువ. అంతే బరువున్న, అంతకంటే మేలైన నగ ఇస్తామన్నా వారికి అక్కర్లేదు.

మనిషి తనది అని చెప్పుకునేవాటిలో శరీరం, మనసే కాక బట్టలు, ఇల్లు, పూర్వీకులు, ఆస్తిపాస్తులు కూడా కలిసి ఉంటాయని అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే రాశారు. 1988లో మార్కెటింగ్ పరిశోధకుడు రస్సెల్ బెల్క్ ఆ ఆలోచనను కొనుగోలుదారుల ప్రవర్తన మీదికి మళ్లించి, వస్తువులు మన వ్యక్తిత్వపు పొడిగింపు అన్నారు. పోయినప్పుడు కలిగే బాధను బట్టి ఏ వస్తువు మనలో భాగమైందో తెలుస్తుందన్న సంగతికి ఆ బల్ల దగ్గర నేను రోజూ సాక్షిని.

ఈ విషయం పట్టించుకోకుండా వేసిన పథకాలు ఎలా దెబ్బతిన్నాయో చూడండి. ఇళ్లలో ఊరికే పడి ఉన్న బంగారాన్ని బ్యాంకుల్లో జమ చేయించి వడ్డీ ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2015 నవంబరులో బంగారు డిపాజిట్ పథకం తెచ్చింది. ఆర్థికంగా అందులో తప్పేమీ లేదు. కానీ జమ చేసిన నగను కరిగించి కడ్డీ చేస్తారు, గడువు తీరాక అదే నగ తిరిగి రాదు. మొక్కుల బంగారం ఉన్న దేవస్థానాలకు అది సరిపడింది గాని, గృహిణులు బీరువా తాళం తీయలేదు. 2025 మార్చిలో ఆ పథకంలోని మధ్యకాలిక, దీర్ఘకాలిక డిపాజిట్లను ప్రభుత్వమే ఆపేసింది. అదే గృహిణి అంతకంటే ఖరీదైన పద్ధతిలో, తానే వడ్డీ కడుతూ, అదే నగను కుదువ పెట్టడానికి సిద్ధపడుతుంది. ఎందుకంటే అక్కడ నగ నగగానే తిరిగి వస్తుంది.

ఇంతకంటే పాత ఉదాహరణ మా ఇంటికి బాగా తగిలినది. 1963 జనవరిలో మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉండగా వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించిన నగలు కొత్తగా చేయకూడదన్నాయి. విదేశీ మారకద్రవ్యం ఆదా చేయాలన్నది ఉద్దేశం. 14 క్యారెట్ల నగ చేయించుకోవడానికి జనం ముందుకు రాలేదు. దేశమంతటా స్వర్ణకారుల కుంపట్లు చల్లారాయి. ఆ రోజుల్లో మా తాతగారు కుటుంబాన్ని నడపడానికి పొలం పనులకు వెళ్లారు. 14 క్యారెట్ల పరిమితిని 1966లో సడలించినా, నియంత్రణ చట్టం మాత్రం 1990 దాకా కొనసాగింది. ఆశ్చర్యమేమంటే, 1990లలో నగల కంపెనీ తనిష్క్ కూడా 18 క్యారెట్ల నగలతో, పాశ్చాత్య నమూనాలతో మొదలై, జనం ఒప్పుకోకపోవడంతో 22 క్యారెట్లకు మారింది. చట్టంతో వచ్చిన ప్రభుత్వానికీ, పెట్టుబడితో వచ్చిన కంపెనీకీ ఒకే జవాబు దొరికింది. పెళ్లిలో పిల్లకు నాసి బంగారం పెట్టారన్న మాట పడటం ఏ తల్లిదండ్రులకూ ఇష్టం ఉండదు. ఆ భయం ముందు శాసనమూ నిలబడలేదు, ప్రకటనలూ నిలబడలేదు.

ఇక్కడే సమాజపు ఒత్తిడి గురించి చెప్పాలి. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. ఇప్పటికీ పెళ్లి మాటల్లో ఎన్ని కాసులు పెడుతున్నారన్న ప్రశ్న రాకుండా ఉండదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని తండ్రులు అప్పు చేసి నగ కొని, పెళ్లయిన కొద్ది కాలానికి అదే నగ అల్లుడి అవసరానికి నా బల్ల మీదికి వచ్చినప్పుడు, దాన్ని తూయడం నాకు కష్టంగా ఉంటుంది. మచిలీపట్నం పక్కనున్న చిలకలపూడి రోల్డ్‌గోల్డు నగలకు పెట్టింది పేరు. ఆ పరిశ్రమ బతుకు ఆధారపడింది కూడా ఈ చూపుల మీదనే: లేనివారు పదిమందిలో తలవంపులు రాకూడదని కొంటారు, ఉన్నవారు అసలు నగ లాకర్లో పెట్టి ప్రయాణాలకు ఇవి వేసుకుంటారు. కలిగి ఉండటం వేరు, కలిగినట్టు కనిపించడం వేరు అన్నది అక్కడి పనివారికి మొదటి నుంచీ తెలుసు. వారి పనితనాన్ని నకిలీ అని తీసిపారేయడం నాకు నచ్చదు.

అమ్మకాల తీరు మారడం వెనక ఉన్న కారణం మరొకటి, అది వలస. పూర్వం ప్రతి కుటుంబానికీ తెలిసిన కంసాలి ఒకరుండేవారు, తరుగు ఎంత తీసినా మొహం చూసి నమ్మేవారు. ఊళ్లు వదిలి విజయవాడకూ, హైదరాబాదుకూ, అక్కడి నుంచి విదేశాలకూ వెళ్లినవారికి ఆ పరిచయం తెగిపోయింది. పరిచయం పోయినచోట ముద్ర కావలసి వచ్చింది. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ నాణ్యతా ముద్ర అయిన హాల్‌మార్కు 2000లో ఐచ్ఛికంగా మొదలై, 2021 జూన్‌లో 256 జిల్లాల్లో తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అంకెలు, అక్షరాలు కలిపి మొత్తం ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే ప్రత్యేక గుర్తింపు సంకేతం ఉంటేనే హాల్‌మార్కు నగ అమ్మాలన్నారు. కొనేవారికి ఇది నిజమైన రక్షణ. అదే సమయంలో, తన పేరే పూచీగా బతికిన మా నాన్నగారు, తాను చేసిన నగ నాణ్యతను మరొకరు ధ్రువీకరించాలన్న మాట విని చాలా రోజులు మనసు కష్టపెట్టుకున్నారు. లలితా జ్యువెలరీ యజమాని, నెల్లూరు నుంచి ఎదిగిన కిరణ్ కుమార్ స్వయంగా టీవీలో కనిపించి, డబ్బులు ఊరికే రావని, మా అంచనా కాగితం తీసుకెళ్లి వేరే దుకాణాల్లో పోల్చుకోండని చెప్పడం తెలుగువారికి అంతగా ఎక్కిందంటే కారణం ఇదే. తరుగు మీద తరతరాలుగా ఉన్న అనుమానాన్ని ఆయన పైకే మాట్లాడారు.

తాకట్టు వ్యాపారమూ ఇలాగే మారింది. మా చిన్నతనంలో నగ కుదువ పెట్టడం పరువు తక్కువ పని. చీకటి పడ్డాక, ఎవరూ చూడకుండా వెళ్లేవారు. 1991 జూలైలో విదేశీ చెల్లింపుల సంక్షోభంలో భారత రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టినప్పుడు, అప్పటి పి.వి. నరసింహారావు ప్రభుత్వాన్ని జనం నిలదీసింది కూడా ఇంటి పరువు భాషలోనే. కేరళ నుంచి వచ్చిన ముత్తూట్, మణప్పురం వంటి సంస్థలు ఆ సిగ్గును పోగొట్టడానికి పెద్ద ప్రయత్నం చేశాయి. ప్రధాన వీధిలో వెలుగులీనే ఆఫీసు, తెలిసిన సినిమా తారల ప్రకటనలు, నిమిషాల్లో డబ్బు. ఈ సంస్థల వేగాన్ని చూసి రిజర్వు బ్యాంకు 2012లో రుణాన్ని నగ విలువలో 60 శాతానికి పరిమితం చేసి, 2014 జనవరిలో 75 శాతానికి పెంచింది. సిగ్గు తగ్గడం మంచిదే, అవసరానికి అధిక వడ్డీల పాలు కాకుండా చాలామంది బయటపడ్డారు. కానీ సిగ్గు పోయినంత త్వరగా అప్పు పోదు కాబట్టి, వేలం నోటీసులు కూడా పెరిగాయి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే ప్రశ్న, ఆ నగ ఎవరిది అన్నది. పుట్టింటివారు పెట్టిన నగ స్త్రీధనమనీ, దాని మీద భార్యకే సంపూర్ణ హక్కు ఉందనీ సుప్రీంకోర్టు 1985లో ప్రతిభా రాణి కేసులో తేల్చింది. అయినా రుణం దరఖాస్తులో ఈ నగలు నా సొంతం అన్న వాక్యం కింద సంతకం చాలాసార్లు భర్తదే ఉంటుంది, నగ మాత్రం పక్కన కూర్చున్న భార్య మెడలోంచి అప్పుడే తీసినది. నగ లేకుండా కాగితం మీదే కొనే బంగారు బాండ్లు, ఫోన్లో కొనే డిజిటల్ బంగారం వచ్చాక ఈ సంగతి ఇంకా చిక్కుపడింది. ఒంటి మీద ఉన్న నగ ఎవరిదో ఊరందరికీ తెలుసు. ఇలా ఖాతాల్లో ఉండే బంగారం మాత్రం ఖాతా ఎవరి పేరున ఉంటే వారిదే, మన ఇళ్లలో అది ఎక్కువగా మగవారి పేరునే ఉంటోంది. అందుకే దంపతులు కలిసి వచ్చినప్పుడు రుణం భార్య పేరున రాయించుకోమని అడుగుతాను, రశీదు ఆవిడ చేతికే ఇవ్వమని శాఖలో చెబుతాను. కొందరు వెంటనే ఒప్పుకుంటారు, కొందరు నొచ్చుకుంటారు, నొచ్చుకున్నవారికి రుణం ఎవరి పేరున ఉంటే నగ విడిపించే హక్కు వారికే ఉంటుందని ఆవిడ ఎదుటే వివరిస్తాను.