అప్పన్నను తుఫానుకు వదిలేయకు

చిరంజీవి తమ్ముడికి,

నీ కథ రెండుసార్లు చదివాను. మన ఫిషింగ్ హార్బర్‌ని కళ్లకు కట్టావు. బోటు నడిపే సరంగు అప్పన్న మాత్రం చివర్లో చేజారిపోయాడు. అతని పొగరు అణచడానికి హుద్‌హుద్ తుఫానుని తెచ్చావు. 2014 అక్టోబర్ 12న నేనూ విశాఖలోనే ఉన్నాను. ఒద్దికగా బతికేవాళ్ల ఇళ్ల రేకులూ ఎగిరిపోయాయి, ఒడ్డున కట్టేసిన బోట్లూ దెబ్బతిన్నాయి. ఆ గాలి ఎవరి పొగరూ చూసి రాలేదు. మరి అందులో అప్పన్న చేజేతులా చేసుకున్నదేముంది?

రావణుణ్ణి చూడు. బ్రహ్మను వరం అడిగేటప్పుడు దేవతలు, దానవులు, యక్షులు అంటూ అందరినీ లెక్కపెట్టాడు. మనుషుల్ని వదిలేశాడు. గడ్డిపరకలు, వాళ్లతో భయమేంటి అనుకున్నాడు. రాముడు వచ్చింది ఆ సందులోంచే. ఎన్నిసార్లు చదివినా అక్కడ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

నీ కథలోనూ ఆ సందు ఉంది, నువ్వే గమనించలేదు. బోటులో పనిచేసే కుర్ర కళాసీ "మామా, గాలి మారింది" అంటాడు. అప్పన్న తల కూడా తిప్పకుండా "నువ్వు కూర చూసుకో" అంటాడు. అందరూ నవ్వుతారు. కుర్రాడు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోతాడు. తమ్ముడూ, కథంతా అక్కడే ఉంది! రెండు లైన్లలో దాటేశావు.

ఆ గరిటె దగ్గర ఆగు. ఆ రోజు అప్పన్న లెక్కే కరెక్ట్ కావాలి. నీళ్ల రంగు చూసి వల ఎక్కడ వెయ్యాలో చెప్పగలిగేవాడు, అందుకే ఆ పొగరు. పని రానివాడు చెడిపోతే ఎవరికి బాధ?

తర్వాత వేట నిషేధం రానీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, బోట్లన్నీ జెట్టీలోనే. "ఒక్కసారి ఆ కుర్రాణ్ణి పలకరించి రా" అని పెళ్లాం పోరుతుంది. వెళ్తాడు, వీధి మలుపు దాకా. "ఏం సరంగూ, ఇటొచ్చావ్?" అని ఎవరో అడిగితే "ఊరికే" అని వెనక్కి తిరిగేస్తాడు. నిషేధం అయిపోయిన రాత్రి డీజిల్ కొట్టించి, ఐసు ఎక్కించి కూర్చుంటాడు. బోటూ అతనిదే, అప్పూ అతనిదే. పక్క బోట్లు ఒక్కొక్కటే కదులుతాయి. కళాసీలు రారు. ఐసు కరుగుతూ ఉంటుంది.

అక్కడ డైలాగ్ వద్దు. తుఫాను పేజీలు ఆరూ తీసెయ్. బాగా రాశావని తెలుసు, చెప్పడానికి నాకూ బాధగానే ఉంది. ముందు ఒకరోజు తెల్లవారుజామున హార్బర్‌కి వెళ్లి, బోటులోకి ఐసు ఎలా దించుతారో దగ్గరుండి చూసి రా. రాశాక పంపు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య