పాత కుట్టుమిషన్‌ని పాత ఇనుముకి వేయకండి

కావలి అన్నా, మీ అమ్మగారి నల్ల కుట్టుమిషన్ చక్రం తిరగడం లేదనీ, షాపులో పాత ఇనుముకి అమ్మేయమన్నారనీ రాశారు. అమ్మకండి. ఎండిన నూనె జిగురై పట్టేసి ఉంటుంది, అంతే.

బెల్టు తీసి, నూనె రంధ్రాలన్నిటిలో రెండేసి చుక్కలు కిరసనాయిలు వేసి, పొయ్యికి దూరంగా రాత్రంతా ఉంచండి. తెల్లారి చక్రాన్ని చేత్తో అటూ ఇటూ కదపండి, బలం చేయొద్దు. సూది కింది పలక విప్పితే బట్టను జరిపే పళ్ల మధ్య గట్టిపడిన పీచు, బాబిన్ (కింది దారం చుట్టే చిన్న కండె) చుట్టూ తెగిన దారం కనిపిస్తాయి, పట్టకారుతో లాగేయండి. నల్ల జిగురు తుడిచాక మిషన్ నూనె వేయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, మళ్లీ జిగురవుతుంది.

ఒక్క స్క్రూడ్రైవర్‌తో ఇంత విప్పగలిగేలా చేశారు చూడండి ఆ రోజుల్లో! ఇప్పటి చవక మిషన్లలో ప్లాస్టిక్ పళ్లచక్రం విరిగితే మిషనే మార్చమంటారు. ఇంత చేసినా మీ చక్రం కదలకపోతే మిషన్ అడుగుభాగం ఫొటో పెట్టండి.