కరెంటు పోయి వచ్చాక సెన్సార్లు ఆఫ్‌లైన్ అవుతుంటే ముందు ఇన్వర్టర్ లైను చూడండి

హన్మకొండలో రెండంతస్తుల ఇల్లు, కింద హాల్లో జిగ్బీ హబ్ (స్మార్ట్ బల్బులు, సెన్సార్లను జిగ్బీ అనే వైర్‌లెస్ పద్ధతిలో కలిపి నడిపే పెట్టె), కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పై అంతస్తు బల్బులూ ట్యాంకు దగ్గరి సెన్సారూ ఆఫ్‌లైన్ అవుతున్నాయి, ఇంకో హబ్ కొనాలా అని ఒకరు అడిగారు. కొనకండి. రెండో హబ్ పెడితే ఉన్న నెట్‌వర్క్ పెరగదు, పక్కన ఇంకో నెట్‌వర్క్ పుడుతుంది. అప్పుడు తలనొప్పులు రెండు. మాది కాజీపేట. మా ఇంట్లోనూ చాలాకాలం ఇదే తంతు. కారణం చివరికి దొరికింది హబ్‌లో కాదు, ఇన్వర్టర్ వైరింగులో.

జిగ్బీలో కరెంటు మీద నడిచే ప్లగ్గులు, బల్బులు, న్యూట్రల్ తీగ ఉన్న స్విచ్ మాడ్యూళ్లు ఒకదాని మాట ఇంకొకటి అందుకుని ముందుకు పంపుతాయి. బ్యాటరీ సెన్సార్లు ఆ చాకిరీ చేయవు. దగ్గర్లో ఉన్న ఏదో ఒక పరికరాన్ని పట్టుకుని, దాని ద్వారానే కబురు పంపి మళ్లీ నిద్రపోతాయి. అది ఆరిపోయిందంటే సెన్సారుకు దిక్కులేదు. కొన్ని కంపెనీలవి కాసేపటికి ఇంకో దారి వెతుక్కుంటాయి. కొన్ని మహా మొండివి, మనం వెళ్లి బటన్ నొక్కే దాకా కదలవు.

ఇప్పుడు మన ఇళ్లలో వైరింగు సంగతి చూడండి. ఫ్యాన్లు, లైట్లు, టీవీ ఇన్వర్టర్ మీద ఉంటాయి. గీజరు, ఏసీ, ఫ్రిజ్, నీళ్ల మోటారు నేరుగా మెయిన్ లైను మీద ఉంటాయి. మనం స్మార్ట్ ప్లగ్గు కొని ముందుగా తగిలించేది ఆ గీజరుకూ ఏసీకే! మా ట్యాంకు సెన్సారు వెతికి వెతికి పట్టుకున్నది పై బాత్రూమ్ గీజరు ప్లగ్గునే. కరెంటు పోగానే ప్లగ్గు చచ్చేది. దాన్ని నమ్ముకున్న సెన్సారు మూగబోయేది. కింద మోటారు ఆటోమేషన్ మాత్రం పాత నీటి మట్టాన్నే నమ్ముకుని కూర్చునేది. కరెంటు రాగానే మోటారు వేసి, ట్యాంకు నిండినా ఆపక, నీళ్లు పిట్టగోడ మీదుగా వీధిలోకి పోయిన రోజులున్నాయి.

మీ ఇంట్లో కూడా ఇదేనో కాదో తేల్చుకోవడం సులువు. పగటిపూట మెయిన్ ఆపి, ఇల్లు ఇన్వర్టర్ మీద నడుస్తుండగా ఏ పరికరాలు ఆరిపోయాయో రాసుకోండి. హోమ్ అసిస్టెంట్ (స్మార్ట్ పరికరాలన్నిటినీ ఒకచోట నడిపే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే నెట్‌వర్క్ మ్యాపులో ఏ సెన్సారు దేన్ని పట్టుకుందో గీతలతో సహా కనబడుతుంది. అందులో ఎల్‌క్యూఐ (సిగ్నల్ ఎంత బాగుందో చెప్పే) అంకె 200 దాటి ఉందని మురిసిపోకండి. సాధారణంగా అది కబురు వేసే చివరి అంగకు, అంటే చివరి రెండు పరికరాల మధ్య దూకుడుకు, సంబంధించిన అంకె మాత్రమే, మొత్తం దారికి కాదు.

పరిష్కారానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఇన్వర్టర్ లైను మీద ఉన్న 5 ఆంప్స్ సాకెట్లలో రెండు మూడు చిన్న ప్లగ్గులు పెట్టండి: హాల్లో ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, డాబా మీది మెట్ల గదిలో ఒకటి. మెట్ల గదిది తప్పనిసరి. నేలకు పరిచిన కరీంనగర్ గ్రానైటును అందరూ అనుమానిస్తారు కానీ, సిగ్నల్‌ను ఎక్కువగా మింగేది కాంక్రీటూ ఇనుప కడ్డీలూ కలిసిన స్లాబు. మెట్ల దారిలో అయితే స్లాబు తెరిచి ఉంటుంది కాబట్టి సిగ్నల్ అటునుంచి పైకెక్కుతుంది. ప్లగ్గును బీరువా వెనకో ఫ్రిజ్ వెనకో పెడితే పెట్టనట్టే.

పై అంతస్తు బల్బుల విషయంలో గోడ స్విచ్ మీద కూడా ఒక కన్నేయండి. మా నాన్న పడుకునే ముందు ఇల్లంతా తిరిగి అన్ని స్విచ్‌లూ ఆపే మనిషి. ఆయనను మార్చడం కంటే వైరింగు మార్చడం తేలిక. స్మార్ట్ బల్బులు తీసేసి బోర్డు వెనక రిలే మాడ్యూల్ (మామూలు లైటును జిగ్బీతో వేసి ఆపే చిన్న పెట్టె) పెట్టించాను. మన బోర్డుల్లో సాకెట్ కూడా ఉండటం మామూలే కాబట్టి న్యూట్రల్ చాలాచోట్ల అక్కడే దొరుకుతుంది. ఇప్పుడు ఆయన స్విచ్ నొక్కినా లైటే ఆరుతుంది, మాడ్యూల్ బతికే ఉంటుంది. ఒక జాగ్రత్త: మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైనులో కరెంటు ఉంటుంది. ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పే ముందు ఇన్వర్టర్‌ను కూడా ఆపించండి.

ఇంకో దొంగ వైఫై రూటరు. దానికి ఇన్వర్టర్ దన్ను లేకపోతే, కరెంటు వచ్చిన ప్రతిసారీ కొత్తగా లేచి, ఛానల్ 'ఆటో'లో ఉంటే తనకు నచ్చినదాన్ని ఎంచుకుంటుంది. జిగ్బీదీ అదే 2.4 గిగాహెర్ట్జ్ దారి. నిన్నటిదాకా బాగున్న నెట్‌వర్క్ ఈరోజు తడబడటానికి ఇదొక్కటి చాలు. రూటరులో 2.4 బ్యాండును ఛానల్ 1కో 6కో కట్టేసి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చేయండి. జిగ్బీని దాని ఛానల్ 25లో పెడితే పక్కింటివాళ్ల వైఫై ఛానల్ 11లో ఉన్నా దాదాపు తగలదు. 26 జోలికి వెళ్లకండి, కొన్ని పరికరాలు దాన్ని సరిగా పట్టించుకోవు. జిగ్బీ ఛానల్ మారిస్తే కొన్నింటిని మళ్లీ జత చేయాల్సి రావచ్చు, కాబట్టి ఆదివారం పెట్టుకోండి. మీ హబ్ కంప్యూటర్‌కు గుచ్చే యూఎస్‌బీ డాంగిల్ (పెన్‌డ్రైవ్ లాంటిది) రకమైతే దాన్ని కంప్యూటర్ వెనక నేరుగా గుచ్చకుండా, మీటరు పొడవు తీగతో దూరంగా పెట్టండి. యూఎస్‌బీ 3.0 పోర్టుల నుంచి వచ్చే రొద సరిగ్గా ఈ బ్యాండులోనే పడుతుంది.

ఇవన్నీ అయ్యాక ట్యాంకు సెన్సారును హాల్లో హబ్ పక్కన కూర్చోబెట్టి జత చేయకండి. డాబా ఎక్కి, అది ఉండబోయే చోటే ఉంచి, మెట్ల గది ప్లగ్గు వెలుగుతుండగా చేయండి. అప్పుడే అది ఆ ప్లగ్గును పట్టుకునే అవకాశం ఎక్కువ.