స్వదేశీ ధర ఏ దేశపు ధర?

సందేహం: అయ్యా, నమస్కారం. నేను చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో ఒక ఇనుప రేకుల వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తాను. మా దగ్గర సరుకు కొనే చిన్న వర్క్‌షాపులవాళ్లలో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ధరలు మారినప్పుడల్లా వాళ్లకోసం తెలుగులో నాలుగు ముక్కలు రాసి వాట్సాప్‌లో పంపుతుంటాను. 2025 ఆగస్టులో వియత్నాం ఉక్కు వార్త వచ్చినప్పుడు ఇలా రాశాను: “స్వదేశీ ధర కంటే తక్కువకు కుమ్మరిస్తున్న వియత్నాం స్టీలుపై టన్నుకు 121.55 డాలర్ల దిగుమతి నిరోధక పన్ను విధించాలని డీజీటీఆర్ నిర్ణయించింది. దేశీయ పరిశ్రమకు గాయం కలిగినట్లు తేలింది.” మా వీధిలో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు దీన్ని చదివి “కుమ్మరిస్తున్న అనే మాట తప్ప ఏదీ బాగాలేదు” అన్నారు. ఇక్కడి తమిళ పత్రికలు కూడా ‘పొరుళ్ కువిప్పు తడుప్పు వరి’ (సరుకు కుమ్మరింపును అడ్డుకునే పన్ను) అనే రాస్తున్నాయి కాబట్టి ఆ మాట సరైనదే అనుకుంటున్నాను. మిగతావాటిలో ఏది ఎందుకు తప్పు? ‘హాట్ రోల్డ్’ను ‘వేడిగా చుట్టిన’ అనవచ్చా?

సమాధానం: మాస్టారు మెచ్చిన మాటతోనే నాకు పేచీ ఉంది. దాని సంగతి తరువాత చెబుతాను. మీ వాక్యంలో అన్నిటికంటే ఎక్కువ పొరపాటుకు దారి తీసేది ‘స్వదేశీ ధర’. చూడటానికి అది నిర్దోషంగా ఉంది, అందుకే ప్రమాదం. తెలుగు పత్రికల్లోనూ ఇది తరచుగా కనిపిస్తుంది.

‘స్వ’ అంటే తన. ఆ ‘తన’ ఎవరు? తెలుగులో ‘తన’, ‘తమ’ అనే మాటలు సాధారణంగా వాక్యంలోని కర్తను చూస్తాయి. మీ వాక్యంలో కర్త డీజీటీఆర్, అంటే మన వాణిజ్య శాఖ కింద పనిచేసే వాణిజ్య పరిహారాల డైరెక్టరేట్ జనరల్. సరుకు అమ్మేవాడు వాక్యంలో ఎక్కడా లేడు. ‘కుమ్మరిస్తున్న’ అనే విశేషణం వెనకాల దాక్కున్నాడు. కాబట్టి ‘స్వ’కు దిక్కుగా మిగిలింది మన దేశమే. దానికి తోడు ‘స్వదేశీ’ అనే మాటకు మనలో చరిత్ర ఉంది. 1907లో బిపిన్ చంద్ర పాల్ ఆంధ్ర ప్రాంతంలో తిరిగి మీ మద్రాసు సముద్రతీరాన ఉపన్యాసాలిచ్చిన నాటి నుంచీ తెలుగువాడి చెవికి స్వదేశీ అంటే మనది అనే అర్థం. మీ వాక్యం చదివిన వర్క్‌షాపు యజమాని “ఓహో, మన మార్కెట్ ధర కంటే వియత్నాంవాళ్లు తక్కువకు ఇస్తున్నారు, అదే నేరం” అని అర్థం చేసుకుంటాడు.

చట్టం చెప్పేది అది కాదు. 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టంలోని 9ఏ సెక్షన్ ప్రకారం, ఎగుమతి చేసే దేశంలో అదే సరుకును మామూలు వ్యాపారంలో అక్కడివాళ్లకు ఎంతకు అమ్ముతున్నారో అది ‘నార్మల్ వాల్యూ’. దానికంటే తక్కువకు మనకు అమ్మితే డంపింగ్. పోలిక వాళ్ల ధరకూ వాళ్ల ధరకూ మధ్యనే. పోల్చేటప్పుడు ఓడ కిరాయి, బీమా వంటివి తీసేసి, వీలైనంతవరకు రెండు ధరలనూ ఫ్యాక్టరీ గడప దగ్గరికి తెచ్చి చూస్తారు.

ఊహకు కొన్ని అంకెలు అనుకుందాం. ఒక మిల్లు తన దేశంలో టన్ను 600 డాలర్లకు అమ్ముతూ మనకు 500కు ఇస్తే అది డంపింగ్. అదే మిల్లు తన దేశంలో 480కే అమ్ముతూ మనకు 500కు ఇచ్చిందనుకోండి, మన మార్కెట్లో ధర 550 ఉన్నా సరే, అది డంపింగ్ కాదు, చవక సరుకు, అంతే. ఇంకో వింత కూడా ఉంది. తన దేశంలో 650, మనకు 600, మన దగ్గర 550 అయితే, మనకంటే ప్రియంగా అమ్ముతున్నా అది డంపింగే. అయితే దానివల్ల మన పరిశ్రమకు హాని జరిగిందని తేలడం కష్టం కనుక సుంకం దాకా రాదు. ‘స్వదేశీ ధర’ అనే రెండు మాటలు వీటిలో చివరి రెండు సందర్భాలనూ తారుమారు చేసేస్తాయి.

దీనికి విరుగుడు మన భాషలోనే ఉంది. చాలా భాషలకు లేని సౌకర్యం మనకు ఉంది: తమ, మా, మన అని మూడు విడివిడి మాటలు. “వియత్నాం మిల్లులు తమ దేశంలో అమ్ముకునే ధర కంటే తక్కువకు మనకు అమ్ముతున్నాయి” అని రాయండి. కర్తను ముందుకు తెచ్చి నిలబెట్టగానే ‘తమ’ ఎవరిదో తేలిపోయింది. ‘మన’ ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. చట్టపు పరిభాష కావాలంటే ‘నార్మల్ వాల్యూ’కు ‘సాధారణ విలువ’ అని వాడుతున్నారు. తప్పు కాదు గానీ, వర్క్‌షాపులవాళ్లకు రాసే కాగితంలో దానితో పని లేదు.

ఇప్పుడు డంపింగ్‌కు బదులుగా మీరు వాడిన ‘కుమ్మరింపు’. తమిళంలో కువిప్పు అంటే కుప్పపోయడం. తెలుగు కుమ్మరింపు కూడా అదే బొమ్మ కడుతుంది. రెండూ చెప్పేది పరిమాణం గురించి, బోలెడంత సరుకు తెచ్చి పడేయడం గురించి. డంపింగ్‌కు చట్టంలో ఉన్న అర్థం ధర గురించి. తమ ధర కంటే తక్కువకు ఇచ్చింది ఒక్క ఓడ సరుకే అయినా అది డంపింగ్. న్యాయమైన ధరకు వరుసగా పది ఓడలు దిగినా కాదు. పరిమాణానికి విలువ లేదని కాదు, దాని స్థానం వేరు. ఒక దేశం నుంచి వచ్చే సరుకు, ఆ రకం సరుకు మన మొత్తం దిగుమతుల్లో 3 శాతానికి లోబడి ఉంటే ఆ దేశంపై దర్యాప్తును మామూలుగా ముగించేస్తారు (అలాంటి చిన్న దేశాలన్నీ కలిసి 7 శాతం దాటితే మాత్రం కాదు). ధరలోని తేడా ఎగుమతి ధరలో 2 శాతం లోపే ఉన్నా అంతే.

నిజంగా కుమ్మరింపు మీద వేసే సుంకం మరొకటి ఉంది, దాని పేరు సేఫ్‌గార్డ్ సుంకం. అక్కడ ఎవరూ తక్కువ ధరకు అమ్మారని రుజువు చేయనక్కర్లేదు. దిగుమతులు ఒక్కసారిగా పెరిగి ఇక్కడి పరిశ్రమకు తీవ్రమైన హాని జరుగుతోందని చూపిస్తే చాలు. 2025 ఏప్రిల్‌లో కొన్ని రకాల చదునైన ఉక్కు ఉత్పత్తులపై 200 రోజులకు తాత్కాలికంగా వేసిన 12 శాతం ఇదే. మీ పాఠకులు ఈ రెండు వార్తలూ ఒకే ఏడాదిలో చదివారు. డంపింగ్‌ను కుమ్మరింపు అన్నారంటే ఈ రెంటినీ ఒకే గాట కట్టినట్టవుతుంది. అందుకే డంపింగ్‌ను డంపింగ్‌గానే ఉంచాలని నా అభిప్రాయం. మాస్టారు అభ్యంతరం చెప్పవచ్చు, ‘డంపింగ్ నిరోధక సుంకం’ అంటే ఇంగ్లీషు మాటకు సంస్కృత పదం అతికించినట్టు కాదా అని. కోర్టు తీర్పు, రైలు ప్రయాణం, బ్యాంకు ఖాతా ఏనాడో తెలుగైపోయాయి. మిశ్ర సమాసాలకు చిన్నయసూరి బాలవ్యాకరణమే చోటిచ్చింది. అన్యదేశ్యం (పరభాషా పదం) కలిసినంత మాత్రాన సమాసం చెడదు, అర్థం చెడితేనే చెడుతుంది. ‘యాంటీ డంపింగ్ సుంకం’ అన్నా నాకు సమ్మతమే. కస్టమ్స్ ఏజెంట్లు ‘ఏడీడీ’ అంటారు కనుక మీ కాగితంలో మొదటిసారి ఆ పొట్టి పేరు కూడా రాస్తే చదివేవాళ్లు బిల్లుతో సరిచూసుకోగలుగుతారు.

‘దిగుమతి నిరోధక’ అన్నది మాత్రం పూర్తిగా వదిలేయాలి. ‘నిరోధక’కు ముందు ఏ మాట ఉంటే దాన్ని అడ్డుకుంటుందని అర్థం. దోమల నిరోధకం దోమలను ఆపుతుంది. ఈ సుంకం దిగుమతిని ఆపదు, డంపింగ్ వల్ల కలిగే హానిని సరిచేస్తుంది. ఎంత వేయాలన్నదానికీ హద్దు ఉంది. డంపింగ్ తేడా ఒకటి లెక్కగడతారు, పరిశ్రమకు హాని తొలగడానికి ధర ఎంత పెరిగితే చాలో మరొకటి లెక్కగడతారు, రెండింటిలో ఏది తక్కువైతే అంతే మన దగ్గర సిఫారసు చేస్తారు. 2016–17లో చైనా, జపాన్, కొరియా తదితర దేశాల హాట్ రోల్డ్ ఉక్కుపై వేసిన సుంకం పద్ధతి గుర్తు చేసుకోండి. ఒక రిఫరెన్స్ ధర పెట్టి, మన రేవుకు చేరిన సరుకు ధర దానికంటే తక్కువైతే ఆ తేడా కట్టమన్నారు. ఆ ధరకో, అంతకంటే ఎక్కువకో వచ్చిన సరుకుకు డంపింగ్ సుంకం సున్నా. దిగుమతిని నిరోధించేదే అయితే ఇలా ఉండదు గదా.

పన్ను, సుంకం విషయంలో మీ మాస్టారితో నేను ఏకీభవిస్తాను. ఎల్లలు దాటే సరుకుపై వేసేది సుంకం. ఇంటికీ ఆదాయానికీ పన్ను. శుల్కం అనే సంస్కృత పదానికి తద్భవం సుంకం. కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్దంలో మోటుపల్లి రేవులో ఓడ వర్తకులకు అభయమిచ్చిన శాసనంలో ‘శుల్కం’ అనే మాట ఉంది, నియమిత సుంకం తప్ప వర్తకుల సొత్తు ముట్టబోమని హామీ. మీ ఊళ్లోనూ ఈ మాట రోజూ వినిపిస్తుంది: కస్టమ్స్ హౌస్‌ను తమిళులు సుంగ ఇల్లం అంటారు, టోల్‌గేటును సుంగచ్చావడి అంటారు. ఎనిమిది వందల ఏళ్ల నాటి రేవు మాట ఇప్పటి రేవుకు చక్కగా సరిపోతుంది, దాన్ని పన్ను అని పలచన చేయకండి.

‘నిర్ణయించింది’ అన్నది వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, వాస్తవం ప్రకారం తప్పు. డీజీటీఆర్ దర్యాప్తు చేసి సిఫారసు చేస్తుంది. వేసేది ఆర్థిక శాఖ. మూడు నెలల్లోగా రెవెన్యూ విభాగం నోటిఫికేషన్ ఇస్తేనే సుంకం పుడుతుంది, సిఫారసును ఆమోదించకపోవడం కూడా జరుగుతూ ఉంటుంది. ఇది మాటల పట్టింపు కాదండీ. మీ సందేశం చదివి సుంకం పడిపోయిందనుకున్న వర్క్‌షాపు యజమాని ఆ సాయంత్రమే పాత రేటుకు సరుకు దాచుకోవడానికి అప్పు చేయవచ్చు. ఒక క్రియ తప్పు వాడినందుకు అతను వడ్డీ కట్టాలి. సిఫారసు చేసింది, విధించింది, పొడిగించింది, ఉపసంహరించింది: ఈ నాలుగు క్రియలనూ ఒకదానికొకటి బదులుగా ఎప్పుడూ వాడకండి.

‘గాయం’ మనిషికి తగులుతుంది. పరిశ్రమకు ‘నష్టం’ అని కొందరు రాస్తారు, అదీ చాలదు. లాభాల్లో ఉన్న కంపెనీ కూడా తన మార్కెట్ వాటా పోయిందనో, యంత్రాలు సగం ఖాళీగా ఉంటున్నాయనో, ధర పెంచలేకపోతున్నాననో దర్యాప్తులో చూపించవచ్చు. నష్టం అంటే లెక్కల పుస్తకంలో ఎర్ర అంకె అనిపిస్తుంది. ‘హాని’ అనండి, అన్నీ అందులో ఇముడుతాయి.

‘స్టీలు’ విషయానికి వస్తే, మీ దుకాణంలో దాని అర్థం వేరు, ఇళ్లలో వేరు. ఇంట్లో స్టీలు అంటే స్టెయిన్‌లెస్ గిన్నెలు, గ్లాసులు. ఈ కేసుకూ వాటికీ సంబంధం లేదు. ‘హాట్ రోల్డ్ ఉక్కు’ అని స్పష్టంగా రాయండి. ‘వేడిగా చుట్టిన’ అనడం కుదరదు. అక్కడ రోలింగ్ అంటే చుట్టడం కాదు, రోలర్ల మధ్య నొక్కి సాగదీయడం. దాదాపు 1200 డిగ్రీల దాకా కాల్చిన దిమ్మెను వరుస రోలర్ల మధ్యగా పంపి, చపాతీ ఒత్తినట్టు పలచన చేస్తారు. చుట్టడం ఆ తరువాతి పని, చుడితే కాయిల్ అవుతుంది, చుట్టకుండా ముక్కలుగా కోసి అమ్మేదీ ఉంది. రెండూ హాట్ రోల్డే. అదే సరుకును ఆసిడ్‌తో శుభ్రం చేసి, చల్లారాక మళ్లీ రోలర్లకు ఇస్తే సి.ఆర్. (కోల్డ్ రోల్డ్) షీటు వస్తుంది. తెలుగు మాటే కావాలంటే ‘వేడిమీద ఒత్తిన ఉక్కు’ అనవచ్చు, ఒత్తడం అనే క్రియ మన వంటింట్లో ఈ పనికే ఉంది. కానీ అంబత్తూరులో అందరి నోటా ఉన్నది హెచ్.ఆర్., సి.ఆర్. అనే పేర్లే. వ్యాపారానికి అవే ఉంచండి.

చివరగా ‘వియత్నాం స్టీలుపై’. ఇందులో ‘పై’ సరుకుకు తగిలింది, బాగుంది. కొందరు ‘వియత్నాంపై సుంకం’ అని రాస్తారు, అప్పుడు ఆ దేశమే కడుతుందనిపిస్తుంది. కట్టేది రేవులో సరుకు విడిపించుకునే మన దిగుమతిదారు. పైగా ఆ సిఫారసులో వియత్నాం మిల్లులన్నిటికీ ఒకే రేటు లేదు, అక్కడి ఒక ఉత్పత్తిదారుకు సుంకం లేకుండా వదిలేశారు.

ఆగస్టు నాటి సంగతిగా మీ కాగితాన్ని నేనైతే ఇలా రాస్తాను: “వియత్నాం మిల్లులు కొన్ని తమ దేశంలో అమ్మే ధర కంటే తక్కువకు మనకు హాట్ రోల్డ్ ఉక్కు అమ్ముతున్నాయనీ, దానివల్ల మన పరిశ్రమకు హాని జరిగిందనీ డీజీటీఆర్ తేల్చింది. ఆ ఉక్కుపై టన్నుకు 121.55 డాలర్ల డంపింగ్ నిరోధక సుంకాన్ని (ఏడీడీ) అయిదేళ్లపాటు విధించాలని ఆర్థిక శాఖకు సిఫారసు చేసింది. ఆర్థిక శాఖ నోటిఫికేషన్ వెలువడేదాకా ఈ సుంకం అమల్లోకి రాదు.” నోటిఫికేషన్ చేతికందిన రోజున చివరి వాక్యం తీసేసి, ‘విధించాలని ఆర్థిక శాఖకు సిఫారసు చేసింది’ ఉన్న చోట ‘ఆర్థిక శాఖ విధించింది’ అని మార్చి, తేదీ వేసి పంపండి.