సందేహాలు – సమాధానాలు: ఇంధనపు బొట్టు ఇగురుతుందా, ఆవిరవుతుందా?

సందేహం: కలగలిపిన ద్రవ ఇంధనాల బొట్టు వేడి వాయువులో ఎలా తరిగిపోతుందో తెలుగులో పాఠం రాస్తున్నాను. ‘బొట్టు ఇగిరిపోతుంది’ అని రాస్తే, అది వంటింటి మాట, ‘బాష్పీభవనం చెందుతుంది’ అనాలని తోటి అధ్యాపకులు దిద్దారు. మరొకరు ‘ఇంకిపోతుంది’ అన్నారు. ఏది సాధువు? – ఒక ఇంజినీరింగ్ అధ్యాపకుడు, అనంతపురం

సమాధానం: బాష్పం కానిది బాష్పం కావడమే బాష్పీభవనం. ఆ మార్పునంతా చ్వి ప్రత్యయమూ (‘కానిది కావడం’ అనే అర్థమిచ్చే సంస్కృత ప్రత్యయం) భవనమూ కలిసి చెప్పేస్తుండగా, మళ్లీ ‘చెందడం’ ఎందుకో నాకు అర్థం కాదు. ‘బాష్పీభవనం చెందడం జరుగుతుంది’ అనే వాక్యాలు నేటి పాఠాల్లో విచ్చలవిడిగా కనిపిస్తున్నాయి. ఒక్క పనికి మూడు క్రియలను కాపలా పెట్టడం భాషకు మేలు చేయదు. పరిభాషగా ఆ మాట స్థిరపడింది కాబట్టి ఉండనివ్వండి, కాని ‘బాష్పీభవిస్తుంది’ అంటే చాలు.

‘ఇంకు’ కన్నడంలోని ‘ఇంగు’కు తోబుట్టువు. పెన్నలో నీరు ఇంకిందంటే ఇసుకలోకి దిగిందని మన జిల్లాల వారికి వేరే చెప్పనక్కరలేదు. చెలమ తవ్వితే ఆ నీరు మళ్లీ కనిపిస్తుంది. పాత కవులు ఎండిపోవడమనే అర్థంలోనూ దీన్ని వాడారు కాబట్టి తప్పనను. అయితే గాలిలో తేలే బొట్టుకు ఇంకడానికి చోటేదీ?

ఇక ‘ఇగురు’. లేత చిగురు, పంటి చిగురు అనే అర్థాలున్న ఇగురు వేరు, దాని జోలికి పోవద్దు. మనకు కావలసిన ఇగురుకు ఇవురు, ఇమురు అనే రూపాలూ ఉన్నాయి. దీన్ని వంటింటి మాట అని తోసిపుచ్చడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే మీ పాఠానికి కావలసిన సూక్ష్మమైన భేదం ఈ మాటలోనే ఉంది. పులుసు ఇగిరిందని కడప ఇల్లాలు అన్నప్పుడు ఆమె చూపు పోయిన నీటి మీద లేదు, గిన్నెలో చిక్కబడి మిగిలిన దాని మీద ఉంది. ‘ఆవిరి’లో చూపు పోయేదాని మీద ఉంటుంది. తమిళంలో ‘ఆవి’ అంటే ఆవిరీ, ఊపిరీ, ప్రాణమూ కూడా. విడిచి వెళ్లేదనే భావం ఆ మాటను అంటుకునే ఉంది. కాబట్టి ఆవిరయ్యేది ఒకటి, ఇగిరేది మరొకటి కావచ్చు.

ఏనుగు లక్ష్మణకవి భర్తృహరిని తెనిగిస్తూ, కాలిన ఇనుము మీద పడిన నీటిబొట్టును ‘నీరము తప్తలోహమున నిల్చి యనామకమై నశించు’ అన్నాడు. ఎంత చదివినా తనివి తీరని పాదమిది. ‘నిల్చి’ అన్న క్త్వార్థకంలో, అంటే ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియలో, ఆ ఒక్క క్షణపు నిలకడ ఉంది. ‘అనామకమై’ అన్నప్పుడు పేరు కూడా మిగలలేదు. ఇక్కడ ఇగిరె అంటే అంతగా పొసగదు, ఎందుకంటే చిక్కబడేది ఏదీ లేదు. అది శుద్ధమైన నీరు, ఒకే పదార్థం. ఒకే పదార్థమున్న ఇంధనపు బొట్టు కూడా, మొదటి వేడెక్కే దశ దాటాక, ఇలాగే ఒక క్రమంలో పోతుంది: దాని వ్యాసపు వర్గం (వ్యాసాన్ని వ్యాసంతోనే గుణిస్తే వచ్చేది) కాలంతోపాటు ఒకే వేగంతో తరుగుతుంది.

కలగలిపిన ఇంధనపు బొట్టు అలా అనామకంగా పోదు. హెప్టేన్ అనే తేలికైన ద్రవ ఇంధనం 98 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, హెక్సాడెకేన్ అనే బరువైనది 287 డిగ్రీల దగ్గర. ఈ రెంటినీ కలిపిన బొట్టును వేడి గాలిలో నిలిపితే, పైపొరలోని హెప్టేన్ ముందు ఆవిరవుతుంది, పైపొర హెక్సాడెకేన్‌తో చిక్కబడుతుంది, అప్పుడు బొట్టు తరగడం మందగించి, వచ్చిన వేడి చాలావరకు దాన్ని మరింత కాచడానికే పోతుంది, ఆ తరువాతే బరువైన భాగం కదులుతుంది. అందుచేత నేనైతే ‘బొట్టు ఇగురుతుంది, అందులోని హెప్టేన్ ఆవిరవుతుంది’ అని రెండు క్రియలకూ రెండు కర్తలను ఇచ్చి రాస్తాను. పెట్రోలులో కలిపే ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరిగినా, పెట్రోలులో అంతకంటే తేలికైన భాగాలూ ఉన్నాయి కాబట్టి, ‘ఇథనాల్ ముందు పోతుంది, పెట్రోలు తరువాత’ అని ఒక్క ముక్కలో తేల్చకండి.

బొట్టు నడిమిలో చిక్కుకున్న తేలిక భాగం పైపొర దాకా రావడానికి ద్రవంలో మెల్లగా వ్యాపించాలి. ఈలోగా పైపొర వేడి ఆ తేలిక భాగపు మరుగు స్థానాన్ని బాగా మించిపోతే, లోపలే బుడగ పుట్టి బొట్టు ముక్కలవుతుంది. దీనికి ‘సూక్ష్మ విస్ఫోటనం’ అని అనువాదకులు పేరు పెట్టారు. పేరుగా అది ఉండవచ్చు, క్రియగా మాత్రం ‘చిట్లు’ అనే మాట మనకు ఉండనే ఉంది: బొట్టు చిట్లింది, చిట్లి తుంపరైంది. ‘విస్ఫోటనానికి గురైంది’ అనకండి. ‘బొట్టు కరిగిపోయింది’ అని రాసేవారూ ఉన్నారు. అది ద్రవం విషయంలో బొత్తిగా పొసగదు.

ఒకే పదార్థమున్న బొట్టుకు ఇగురు వాడితే దోషమా అంటే, నిక్కచ్చిగా దోషమని అనలేను. నీరంతా పోయినా ఎసరు ఇగిరిందనే అంటున్నాం. శిష్టవ్యవహారం అటూ ఇటూ ఉన్న చోట వ్యాకరణం బలవంతం చేయకూడదు. ప్రేరణార్థకం కావలసిన చోట ‘వేడి వాయువు బొట్టును ఇగురుస్తుంది’ అని ధైర్యంగా రాయండి; మీ విద్యార్థులకు అది ఇంట్లో విన్న మాటే.