వినాయకుడి బొమ్మ వేయనంటే నేరమా?

శుభలేఖలు, కేకులు, ఫ్లెక్సీలు, ట్రోఫీలు అన్నీ ఆర్డరు మీద చేసే పనులే. చేసేవాళ్లకూ ఒక విశ్వాసం ఉంటుంది, చేయించుకునేవాళ్లకూ ఒక హక్కు ఉంటుంది. ఆ రెండూ కౌంటరు దగ్గర ఎదురుపడినప్పుడు ఏం చేయాలని అడుగుతూ వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: హైదరాబాద్ చత్తాబజార్‌లో మాది చిన్న ప్రింటింగ్ షాపు. మేం క్రైస్తవులం. శుభలేఖ మీద దేవుళ్ల బొమ్మలు వేయడం మా విశ్వాసానికి సరిపడదు. మ్యాటర్ మాత్రం అందరిదీ వేస్తాం. ఈమధ్య ఒక పార్టీ వినాయకుడి బొమ్మ కావాలంటే మేం వేయలేమని చెప్పాం. "హిందువులమనే కదా కాదంటున్నారు, కేసు పెడతాం" అని వెళ్లిపోయారు. మాది తప్పా?

మీరు కాదన్నది బొమ్మనా, మనిషినా? ముందు తేలాల్సింది ఇదే.

రాజ్యాంగం 25వ అధికరణం మీకు మనస్సాక్షి స్వేచ్ఛ ఇచ్చింది. కానీ ఆ వాక్యం మొదలయ్యేదే షరతుతో: ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి, ప్రాథమిక హక్కుల భాగంలోని మిగతా నిబంధనలకు లోబడి. ఆ మిగతా నిబంధనల్లో 15(2) అధికరణం ఒకటి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటిలో ఏ ఒక్కదాన్ని మాత్రమే కారణంగా చూపి ఏ పౌరుడికీ దుకాణంలో అడ్డు చెప్పకూడదని అది అంటుంది. ప్రాథమిక హక్కులు చాలావరకు ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి. ఇది మాత్రం ప్రైవేటు షాపు ఓనరుకూ తగులుతుంది. "దుకాణం" అంటే లోపలికి రానివ్వడం ఒక్కటే కాదని, షరతులు కుదిరితే సేవ చేయడం కూడా అని అంబేడ్కర్ 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో వివరించారు. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ విశాలమైన అర్థాన్నే తీసుకుంది.

మీ షాపు సంగతికి వద్దాం. అదే వినాయకుడి బొమ్మ ఒక క్రైస్తవ స్నేహితుడు అడిగినా వేయరా? ఆ హిందూ కుటుంబమే బొమ్మ లేని కార్డు అడిగితే మామూలు రేటుకే వేసిస్తారా? రెండింటికీ అవుననే జవాబైతే మీరు కాదన్నది బొమ్మనే. దాన్ని శిక్షించే సెక్షన్ మన దేశంలో లేదు.

ఇప్పుడు మీ అరలు ఒకసారి చూసుకోండి. ఈ వ్యాపారంలో కార్డు హోల్‌సేల్ నుంచి తయారుగా వస్తుంది. కవరు మీద వినాయకుడు ఉబ్బెత్తుగా ఎంబాస్ అయి, బంగారు ఫాయిల్‌తో మెరుస్తుంటాడు. షాపువాళ్లు చేసేది స్క్రీన్ మీదో ఆఫ్‌సెట్ మీదో మ్యాటర్ ఎక్కించడం. అలాంటి స్టాకు అరలో పెట్టుకుని, నిన్న ఒకరికి అమ్మి, ఇవాళ ఇంకొకరికి "మా విశ్వాసం ఒప్పుకోదు" అంటే ఆ మాట ఎక్కడా నిలవదు. శాంపిల్ ఆల్బమ్‌లో పెట్టిన ప్రతి కార్డూ మీరు అందరికీ చేస్తానని చెప్పినట్టే లెక్క.

చిక్కు ఇంకోచోట ఉంది. శిలువ వేస్తూ వినాయకుణ్ని మాత్రం వద్దంటున్నారా? అలాగైతే మీ వాదన బాగా బలహీనపడుతుంది. హిందువుల కార్డు మీద వినాయకుడు, క్రైస్తవుల కార్డు మీద శిలువ, ముస్లింల కార్డు మీద బిస్మిల్లా ఉండడం మామూలే. ఒక గుర్తును ఆపితే ఆ మతం కస్టమర్లనే ఆపినట్టు అవుతుంది. అందుకే ఏ మతం గుర్తూ వేయకుండా మ్యాటర్ మాత్రమే వేయడం క్షేమం. లేదంటే షాపును క్రైస్తవ శుభలేఖలకే ప్రత్యేకమని పెట్టుకోండి. అప్పుడు కూడా ఆ సరుకు అడిగినవారికి, వాళ్లది ఏ మతమైనా, అమ్మాల్సిందే.

కేసు సంగతి. వివక్షను మొత్తంగా నిషేధించే చట్టం మనకు లేదు. అందుకోసం ఎంపీ శశి థరూర్ లోక్‌సభలో పెట్టిన ప్రైవేటు మెంబరు బిల్లు చట్టం కాలేదు. మతం పేరుతో సరుకు నిరాకరిస్తే బాధితులు 15(2) ఆధారంగా హైకోర్టు దాకా వెళ్లాలి. ఒక శుభలేఖ కోసం అంత దూరం వెళ్లేవాళ్లు అరుదు. ఆ ధైర్యంతో మాత్రం షాపు నడపకండి.

ప్రశ్న: మా తమ్ముడిది ప్రేమ పెళ్లి. మేం ఎస్సీలం, అమ్మాయి వాళ్లు బీసీలు. 500 కార్డులకు రేటు చెప్పిన షాపాయన, మ్యాటర్‌లో పేర్లు చూసి, మా కులం అడిగి, "ఇలాంటివి మేం వేయం, మా ఆచారం ఒప్పుకోదు" అన్నాడు. ఏం చేయొచ్చు? (సికింద్రాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

పై ప్రశ్నకూ దీనికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉందమ్మా. ఇక్కడ కార్డు మీద అభ్యంతరం ఏమీ లేదు, మనుషుల మీదే ఉంది. ఆచారం అన్న మాటకు ఈ విషయంలో చట్టం చోటివ్వలేదు.

1955 పౌరహక్కుల రక్షణ చట్టం 6వ సెక్షన్ ప్రకారం, అంటరానితనం కారణంగా సరుకు అమ్మనన్నా, సేవ చేయనన్నా నేరం. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, దాంతోపాటు 100 నుంచి 500 రూపాయల జరిమానా. ఆ జరిమానా చూసి తేలిగ్గా తీసుకునేవాళ్లు 12వ సెక్షన్ చదవాలి: బాధితులు ఎస్సీలైతే, అంటరానితనం వల్లే అలా చేశారని కోర్టు ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం షాపాయనదే.

1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఇంకా గట్టిది. 2015 సవరణతో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ అందులో నేరమైంది. ఎదుటివారితో వ్యాపారం చేయడానికి నిరాకరించడం ఆర్థిక బహిష్కరణ నిర్వచనంలోనే ఉంది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు, జరిమానా. ముందస్తు బెయిలు లేదు. నిరాకరించిన వ్యక్తి కూడా ఎస్సీ, ఎస్టీ అయితే ఈ చట్టం వర్తించదు.

ఇలాంటి ఫిర్యాదులు వీగిపోయేది ఎక్కువగా మొదటి రోజు పొరపాట్ల వల్లే. షాపులో గొడవపడి వచ్చేస్తారు, చేతిలో కాగితం ఒక్కటీ ఉండదు. అందుకని అదే రోజు షాపు నంబరుకు వాట్సాప్ పెట్టండి: "ఈ రోజు ఉదయం 11 గంటలకు 500 కార్డులకు రేటు చెప్పారు. మా కులం తెలిశాక వేయమన్నారు. కారణం ఇదేనా, చెప్పండి." జవాబొచ్చినా, రాకపోయినా ఆ మెసేజ్ మీకు పనికొస్తుంది. రేటు రాసిచ్చిన చీటీ, వెంట వచ్చినవారి పేర్లు, కుల ధ్రువపత్రం కాపీ జతచేయండి. ఫిర్యాదులో "అవమానించాడు" అని రాసి వదిలేయకండి. ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు తెలుగులోనే రాయండి. చాలా ఎఫ్ఐఆర్‌లు బలహీనపడేది ఇక్కడే.

ఫిర్యాదు ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, పరిధి కాదని తిప్పి పంపకూడదు. ఎస్సీ, ఎస్టీ చట్టం కింద ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 18ఎ సెక్షన్ చెబుతోంది. దర్యాప్తు చేసేది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి, మన నగరంలో ఏసీపీ. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును డీసీపీకి స్పీడ్ పోస్టులో పంపండి. సలహాకు 14566 హెల్ప్‌లైన్ ఉంది. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది, దానికి 15100కు ఫోన్ చేయండి.

ఇదే నిరాకరణ రెండు బీసీ కుటుంబాలకు ఎదురైతే ఈ రెండు చట్టాలూ వర్తించవు. చట్టంలో ఇది పెద్ద కంత. పూడ్చాల్సిన అవసరం ఉందని మా అభిప్రాయం.

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాను. ఇద్దరు అబ్బాయిలు కలిసి ఉండటం మొదలుపెట్టి ఏడాదైందట, 2 కిలోల కేకు అడిగారు. నా మతం దీన్ని ఒప్పుకోదు. అమెరికా సుప్రీంకోర్టు బేకరీవాళ్లకు కాదనే హక్కు ఇచ్చిందని వాట్సాప్‌లో చూశాను. నిజమేనా?

ఆ మెసేజ్‌లో సగమే నిజం ఉంది. కొలరాడో రాష్ట్రంలోని మాస్టర్‌పీస్ కేక్‌షాప్ కేసులో 2018 జూన్ 4న తీర్పు 7–2తో బేకరీ పక్షాన వచ్చింది. అయితే కారణం వేరు. కేసు విన్న రాష్ట్ర పౌరహక్కుల కమిషన్ ఆ బేకరీ ఆయన మతాన్ని తటస్థంగా చూడలేదని కోర్టు తప్పుపట్టింది. బేకరీలకు కాదనే హక్కు ఉందా లేదా అన్నది తేల్చలేదు. అదే రాష్ట్రం నుంచి వచ్చిన 303 క్రియేటివ్ కేసులో 2023 జూన్ 30న 6–3తో ఒక వెబ్‌సైట్ డిజైనర్ గెలిచారు. అది మత స్వేచ్ఛ మీద కాదు, భావ ప్రకటన మీద: తనకు నమ్మకం లేని మాటలను రాసిపెట్టమని ప్రభుత్వం బలవంతం చేయకూడదని. 1968లో మరో కేసు ఉంది. సౌత్ కరోలినాలో నల్లజాతివారికి వడ్డించనని, అది తన మతమని ఒక హోటల్ యజమాని వాదిస్తే అదే కోర్టు ఆ వాదనను పట్టించుకోదగ్గది కాదని కొట్టేసింది.

మీకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది బెల్‌ఫాస్ట్ కేసు. యాషర్స్ బేకరీని ఒకరు 36.50 పౌండ్ల కేకు మీద "సపోర్ట్ గే మ్యారేజ్" అని రాయమన్నారు. బేకరీ కాదంది. 2018 అక్టోబరు 10న బ్రిటన్ సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా బేకరీని సమర్థించారు. ఆ రాత ఎవరు అడిగినా బేకరీ రాసేది కాదు, అడిగినవారు ఎవరన్నది కారణం కాదు, కాబట్టి వివక్ష కాదన్నారు.

ఈ తీర్పులేవీ హైదరాబాద్‌లో చెల్లవు, కానీ ఆలోచించే దారి చూపిస్తాయి. మన దగ్గర సుప్రీంకోర్టు 2018 నవ్‌తేజ్ జోహార్ తీర్పుతో స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది. 15వ అధికరణంలోని "లింగం" అన్న మాటలో లైంగిక ధోరణి కూడా ఇమిడి ఉందని ఆ తీర్పులో చెప్పిన న్యాయమూర్తులున్నారు. 2023 సుప్రియో తీర్పులో స్వలింగ జంటల పెళ్లి హక్కును మాత్రం కోర్టు గుర్తించలేదు. కొనేవారు ట్రాన్స్‌జెండర్ అయితే వాళ్ల హక్కుల రక్షణకు వచ్చిన 2019 చట్టం 3వ సెక్షన్ సూటిగానే ఉంది: ప్రజలకు అమ్మే వస్తువులు, సేవల్లో వివక్ష చూపరాదు.

ఇక కేకు. 2 కిలోల చాక్లెట్ ట్రఫుల్, మధ్యలో గనాష్, పైన బటర్‌క్రీమ్ పూలు. రేపు ఒక భార్యాభర్తల పెళ్లిరోజుకూ మీరు ఇదే చేస్తారు. దాన్ని ఈ అబ్బాయిలకు ఇవ్వనంటే మీరు కాదంటున్నది వాళ్లనే. పైన రాసే మాటతో మీకు నిజంగా ఇబ్బంది ఉంటే ఆ రాత వరకు ఆగండి: "కేకు చేసిస్తాను, రాత లేకుండా ఇస్తాను, టాపర్ (కేకు పైన గుచ్చే అలంకరణ) మీరు పెట్టుకోండి" అని మర్యాదగా చెప్పండి. పేర్లు, "హ్యాపీ యానివర్సరీ" వరకైతే రాసివ్వడమే సరైనదని మేం అనుకుంటాం. అది మీరు అందరికీ రాసే మాటే.

ప్రశ్న: "ప్రవేశ హక్కులు యాజమాన్యానివే" అని బోర్డు పెడితే సరిపోతుందా?

సరిపోదు. తాగి వచ్చినవారిని, గొడవ చేసేవారిని ఆపడానికి పనికొస్తుంది. 15(2)ను, పై చట్టాలను ఆ బోర్డు కొట్టేయలేదు.

ప్రశ్న: ఎల్బీనగర్‌లో ప్రింటింగ్, గిఫ్ట్ ఐటెమ్స్ షాపు మాది. కొన్ని రకాల మ్యాటర్ మేం వేయం. తగాదా రాకుండా ఆర్డరు ఎలా తీసుకోవాలి?

వరస మార్చుకుంటే సగం తగాదాలు పోతాయి. చాలా షాపుల్లో ముందు రేటు, తర్వాత అడ్వాన్సు, ఆ తర్వాతే మ్యాటర్. దీన్ని తిరగేయండి. ముందు మ్యాటర్ మొత్తం చదవండి, ఆపైనే రేటు చెప్పండి. అడ్వాన్సు పుచ్చుకున్నాక ఒప్పందం కుదిరిపోయినట్టే. అప్పుడు మనస్సాక్షి పేరుతో వెనక్కి తగ్గితే వినియోగదారుల చట్టం కింద సేవాలోపం అవుతుంది. కస్టమర్ అదే పనిని హడావుడిగా వేరేచోట ఎక్కువ రేటుకు చేయించుకుంటే ఆ తేడా కూడా 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద మీ మీద పడొచ్చు. వాళ్లు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు లాయరు లేకుండా వెళ్లొచ్చు. ఇచ్చిన సొమ్ము 5 లక్షల వరకు ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది.

మీరు వేయనివి ఏమిటో ఆర్డరు ఫారం మీద ముందే అచ్చు వేయించండి. అందులో వస్తువు పేరే ఉండాలి, మనుషుల పేరు ఉండకూడదు. "మద్యం ప్రకటనలు, ఏ మతాన్నైనా కించపరిచే మాటలు, దేవుళ్ల బొమ్మలు మా షాపులో ఎవరికీ వేయబడవు" అంటే బాగుంటుంది. "ఫలానా వాళ్ల ఫంక్షన్లకు చేయం" అంటే అదే మీ మీద సాక్ష్యం అవుతుంది. వేయనివాటిని శాంపిల్ ఆల్బమ్‌లోంచి, ఇన్‌స్టాగ్రామ్ పేజీలోంచి తీసేయండి.

కౌంటరులో కూర్చునే పిల్లలకు ఒకే వాక్యం నేర్పండి: "ఈ బొమ్మ మేం ఎవరికీ వేయమండీ. ఇదే కార్డు బొమ్మ లేకుండా కావాలంటే రేపటికి ఇస్తాం." పేరు, కులం, మతం అడిగే ప్రశ్న ఒక్కటీ వద్దు. పెళ్లి మ్యాటర్‌లో పేర్లు ఎలాగూ ఉంటాయి. అయినా "మీరేమిట్లు?" అన్న ఒక్క మాట నోరు జారితే తర్వాత ఏ కారణం చెప్పినా ఎవరూ నమ్మరు. కాదన్న ఆర్డర్లకు ఒక నోటుబుక్ పెట్టండి: తేదీ, అడిగిన మ్యాటర్, కారణం. ఆరు నెలల్లో రెండు మతాలవాళ్ల బొమ్మలూ కాదన్నట్టు అందులో కనిపిస్తే మీకు అంతకన్నా మంచి రక్షణ లేదు.

పొరపాటున అడ్వాన్సు తీసుకుని, ప్రూఫ్ దగ్గర అభ్యంతరం తోస్తే, డీటీపీ చార్జీ కూడా పట్టుకోకుండా మొత్తం అదే రోజు ఫోన్‌పేలో వెనక్కి పంపండి. నగదుగా ఇస్తే సంతకం తీసుకోండి.

ప్రశ్న: ఇంకో మతాన్ని తిట్టే మాటలతో ఫ్లెక్సీ కొట్టమని పట్టుబడుతున్నారు. కాదంటే మాది వివక్ష అవుతుందా?

కాదు. ఇక్కడ కాదనడమే మీ బాధ్యత. మతాల మధ్య ద్వేషం రేపితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 196వ సెక్షన్, మత భావాలను కావాలని గాయపరిస్తే 299వ సెక్షన్ వర్తిస్తాయి. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు ఉంది. తెలిసి అచ్చు వేసిన ప్రెస్సు కూడా చిక్కుల్లో పడుతుంది. వాళ్లు పంపిన ఫైలు, మెసేజ్ చెరిపేయకండి. బెదిరిస్తే 112కు ఫోన్ చేసి, ఆ ఫైలు కాపీ మీ స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.